ఆకాశవాణి మాట చెల్లుతుందా? హిల్లెల్, షమ్మాయ్‌ల విషయంలో సందేహం

యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్‌లో రెండు చోట్ల చదివి అక్కడే ఆగిపోయాను. ఎరువిన్ అనే భాగం 13బి పుటలో ప్రాచీన యూదు గురువులు హిల్లెల్, షమ్మాయ్‌ల శిష్యులు మూడేళ్లు వాదించుకున్నాక ఆకాశవాణి వినిపిస్తుంది: రెండూ దేవుడి మాటలే, ఆచరణ మాత్రం హిల్లెల్ వారిదే అని. యూదుల దీపాల పండుగ హనుక్కాకి మొదటిరోజు ఒక దీపంతో మొదలుపెట్టి ఎనిమిదికి పెంచడం హిల్లెల్ వారి పద్ధతే. షమ్మాయ్ వారు ఎనిమిదితో మొదలుపెట్టి తగ్గించమన్నారు.

బావా మెత్సియా అనే భాగం 59బి లో మాత్రం, మిగతా పండితులతో వాదనలో రబ్బీ (యూదు మతగురువు) ఎలియెజెర్ మాట నిజమని చెట్టు చోటు మారుతుంది, నీళ్లు వెనక్కి పారతాయి, ఆకాశవాణీ పలుకుతుంది. అయినా రబ్బీ యెహోషువ లేచి నిలబడి "అది (తోరా, అంటే ధర్మశాస్త్రం) ఆకాశంలో లేదు" అంటాడు! మెజారిటీయే నెగ్గుతుంది. నన్ను బాగా కదిలించిన ఘట్టం ఇది.

తాల్ముద్ మీద మధ్యయుగపు వ్యాఖ్యానమైన తోసఫోత్ చూశాను. హిల్లెల్ వైపు మెజారిటీ ఎలాగూ ఉంది, షమ్మాయ్ వారు మరింత సూక్ష్మబుద్ధి గలవారు కాబట్టే సందేహం వచ్చిందట, దాన్నే ఆకాశవాణి తీర్చిందట. అంతవరకూ సరే. కానీ మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడీస్ తన ధర్మసంహిత మిష్నే తోరాలో (యెసోదే హతోరా, 9వ అధ్యాయం) ధర్మం ఫలానా వారి పక్షమని దేవుడు తనకు చెప్పాడనేవాడు అబద్ధ ప్రవక్త అంటాడు. దీనితో ఎరువిన్ మాట ఎలా పొసగుతుందో ఎంత వెతికినా దొరకలేదు.

మైమోనిడీస్ లెక్కన హిల్లెల్ వారి మాట చెల్లడానికి ఆధారం మెజారిటీ ఒక్కటేనా, ఆకాశవాణికీ చోటుందా?