ల్యాప్‌టాప్‌లో దిద్దిన అధ్యాయం ఐప్యాడ్‌లోకి రాలేదు, స్క్రివెనర్ వాడేవాళ్ళు కాస్త చెప్పండి

రైలుబండి:
ఏడాదిగా స్క్రివెనర్ అనే రైటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక నవల రాస్తున్నాను. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్, ఆఫీసుకి వెళ్ళొచ్చేటప్పుడు ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో ఐప్యాడ్. ప్రాజెక్టు డ్రాప్‌బాక్స్‌లో (క్లౌడ్‌లో) ఉంది. మొన్న రాత్రి పదకొండో అధ్యాయం దిద్ది, ప్రాజెక్టు క్లోజ్ చేయకుండానే ల్యాప్‌టాప్ మూసేసి పడుకున్నాను. పొద్దున ఐప్యాడ్‌లో పాతదే ఉంది, సరేలే అని దానిమీదే రెండు పేజీలు రాశాను. ఇప్పుడు ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్ళ పేర్లలో ‘కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ’ అని కనిపిస్తోంది. ఏది ముట్టుకుంటే ఏది పోతుందోనని టెన్షన్‌గా ఉంది.

చిత్తుప్రతి:
ఏదీ డిలీట్ చేయకండి. ముందు ఆ ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తాన్ని డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసుకోండి, మిగతావన్నీ ఆ తర్వాతే.

స్క్రివెనర్ ప్రాజెక్టు అంటే వర్డ్‌లోలా ఒక్క ఫైలు కాదండీ, అదొక ఫోల్డర్. మీరు రాసే ఒక్కో భాగం దాని లోపల విడిగా ఒక్కో ఆర్‌టీఎఫ్ ఫైలుగా (వర్డ్‌లో కూడా తెరుచుకునే టెక్స్ట్ ఫైలు) ఉంటుంది. అందుకే సగం ఫైళ్ళు డ్రాప్‌బాక్స్‌లోకి ఎక్కి సగం ఎక్కకపోతే ఇలా రెండు రకాలుగా చీలిపోతుంది. ప్రాజెక్టు తెరిచాక ఎడమవైపు జాబితాలో కాన్‌ఫ్లిక్ట్స్ అనే ఫోల్డర్ వచ్చిందేమో చూడండి, వస్తే రెండో రూపం అందులో ఉంటుంది. రాకపోతే ఆ కాన్‌ఫ్లిక్టెడ్ కాపీలను వర్డ్‌లో తెరిచి, మీ పేరాలు వెతికి అతికించుకోండి.

ఇకమీదట ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు క్లోజ్ చేసి, డ్రాప్‌బాక్స్ గుర్తు మీద సింక్ పూర్తయిందని చూశాకే మూత వేయండి. ఐప్యాడ్‌లో రాయడం మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగించాక ఒకసారి సింక్ బటన్ నొక్కాలి. ఇంటి వైఫై వదలకముందే నొక్కడం మంచిది, రైల్లో సిగ్నల్‌ని నమ్ముకోకండి. ఆటోమేటిక్ బ్యాకప్‌లు మాత్రం డ్రాప్‌బాక్స్ బయట వేరే చోట పెట్టుకోండి.

రైలుబండి:
దొరికింది! కాన్‌ఫ్లిక్ట్స్‌లో రెండు పేజీలూ ఉన్నాయి. చాలా చాలా థాంక్సండీ, రాత్రంతా నిద్ర లేదు.

మామిడితోట:
నాది ఆండ్రాయిడ్ ట్యాబ్, దానికి స్క్రివెనర్ లేదు. గూగుల్ డాక్స్‌లో అధ్యాయానికి ఒక ఫైలు పెట్టుకున్నాను, ఊరెళ్ళే ముందు కావలసినవి ఆఫ్‌లైన్‌లో ఉండేలా ఆన్ చేసుకుంటాను. పొరపాటున ఏదైనా చెరిపేసినా కంప్యూటర్‌లో వెర్షన్ హిస్టరీ తెరిచి పాతది తెచ్చుకోవచ్చు. నవల మొత్తాన్ని ఒకే ఫైల్లో పెడితే మాత్రం ట్యాబ్ బాగా నెమ్మదిస్తోంది.

కొత్తకలం:
నా పాత కథలు ట్యాబ్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. ఇదీ సింక్ సమస్యేనా?

చిత్తుప్రతి:
అను ఫాంట్లలో టైపు చేసినవా? అయితే సింక్‌ది తప్పు కాదు. అవి యూనికోడ్ (ఏ పరికరంలోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు, ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగుగా కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేసి, ఒత్తులూ పొల్లులూ ఒకసారి చదివి సరిచూసుకుని అప్పుడు క్లౌడ్‌లో పెట్టండి. అసలు ఫైళ్ళు మాత్రం దాచి ఉంచుకోండి.