అప్‌డేట్: పర్సు కుట్టు కుదిరింది

పోయిన నెల అడిగాను కదా, చేత్తో కుట్టే తోలు పర్సుకి చిల్లుల మధ్య 4 మి.మీ. ఎడంలో 1 మి.మీ. మందం దారం వేస్తే గోనెసంచి కుట్టులా మోటుగా వస్తోందని. మీరన్నట్టే ముందు పనికిరాని తోలు ముక్క మీద కుట్టి చూశాను. 3 మి.మీ. ఎడం, 0.6 మి.మీ. మైనం దారం. అంగుళానికి 8 కుట్లు పైనే పడ్డాయి, చూడముచ్చటగా ఉంది. అదే దారం 4 మి.మీ. ఎడం చిల్లుల్లో బోసిగా కనిపించింది. అక్కడ 0.8 బాగుంది, దాన్ని బెల్టుకి ఉంచాను.

ఒక్క తప్పు చేశాను. కుట్టు పొడవుకి రెండింతలే దారం తీశాను. రెండు సూదులతో కుట్టేటప్పుడు నాలుగింతలైనా కావాలట! సరిగ్గా మూల తిరిగే చోట అయిపోయింది. మా పర్లాకిమిడి బజారులో చెప్పులు కుట్టే తాత చూసి నవ్వి, "దారం సన్నంది తెచ్చావు, చిల్లు మాత్రం పాతదేనా?" అని తోలుకి చిల్లు పొడిచే తన సన్న ఆరె నా చేతిలో పెట్టాడు. బెల్టు ఇంకా మొదలుపెట్టలేదు.