మిల్లు మాగ్నెట్ కొనడానికి గాస్ మీటర్ రీడింగ్ సరిపోతుందా?

మిర్యాలగూడ_మిల్లు: మాది ఉప్పుడు బియ్యం మిల్లు. హార్వెస్టర్ నుంచి వచ్చే మేకులు, తీగ ముక్కలు పొట్టు తీసే రబ్బరు రోల్స్‌ను కోసేస్తున్నాయి. డ్రయ్యర్ కింద ధాన్యం దిగే చోట మాగ్నెట్ పెట్టాలి. ఫెర్రైటా, నియోడిమియమా? అమ్మేవాళ్లు గాస్ మీటర్ (అయస్కాంత బలం కొలిచే పరికరం) పెట్టి చూపిస్తున్నారు, నమ్మొచ్చా?

నకిరేకల్_ఫిట్టర్: మీటర్ అబద్ధం చెప్పదు. ఎక్కువ చూపించిందే తీసుకో అన్నా.

పాలమూరు_ఫిజిక్స్: మీటర్ ప్రోబ్ పెట్టిన చోటు సంగతే చెబుతుంది. అంచున ఒక లెక్క, మధ్యలో ఇంకో లెక్క. కాస్త పైకెత్తితే రీడింగ్ దభాలున పడిపోతుంది. ధాన్యం పొర ఎంత మందమో అంత ఎత్తులో కొలవాలి. అసలు సంగతి వేడి. మామూలు నియోడిమియం గ్రేడు 80 డిగ్రీల వరకే. పల్చటి పలకైతే అంతకు ముందే బలం పోతుంది, చల్లారాక కూడా పూర్తిగా తిరిగి రాదు. ఫెర్రైట్ బలం అందులో మూడో వంతే, కానీ 250 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. వేడి మీద తీసిన బీ-హెచ్ గ్రాఫ్, అంటే మాగ్నెట్ గుణం చూపే గీత, అడగండి. కోయర్సివిటీ, అంటే బలం పోకుండా తట్టుకునే గుణం, ఎంత నిలుస్తుందో అందులో తెలుస్తుంది.

సూర్యాపేట_రైతు: అన్నీ హార్వెస్టర్ మీదికే నెడతారేం? మీ జల్లెడ బోల్టులు ఊడి పడవా?

నకిరేకల్_ఫిట్టర్: సార్, గ్రాఫులు ఇక్కడ ఎవరిస్తారు? స్ప్రింగ్ త్రాసుకు ఇనుప బిళ్ల కట్టి లాగి చూస్తే బలం తెలిసిపోతుంది.

పాలమూరు_ఫిజిక్స్: చల్లటి మాగ్నెట్ మీద లాగి చూస్తే వేడి సంగతి ఎలా తెలుస్తుంది? జడ్చర్లలో మా తమ్ముడి మిల్లులో ఇలాగే వేడికి మాగ్నెట్ బలం పోయింది. సీజన్ సగంలోనే మేకులు దాటిపోయాయి. అమ్మినాయన వచ్చి అంచున మీటర్ పెట్టి, బాగానే ఉందని వెళ్లిపోయాడు.

నకిరేకల్_ఫిట్టర్: అంటే అమ్మేవాళ్లంతా మోసగాళ్లా? నేనూ తెచ్చి బిగిస్తాను. షిఫ్టుకోసారి తుడవమంటే తుడవరు. పట్టిన ఇనుము మీదే కొత్తది పేరుకుని, ధాన్యం ఒరవడికి కొట్టుకుపోతుంది. అప్పుడు మాగ్నెట్ బాగాలేదని నా డబ్బులు ఆపేస్తారు. నా గొడవ మీటర్ గురించి కాదు సార్, చెడితే ఎవరు భరించాలన్నదే.

పాలమూరు_ఫిజిక్స్: అందుకే గ్రేడు, ఎంత వేడి వరకు పనిచేస్తుందో బిల్లు మీద రాసివ్వమంటున్నాను. తుడవకపోతే తప్పు మిల్లుది. ఆ వేడి లోపలే బలం పోతే అమ్మినవాళ్లది.

నకిరేకల్_ఫిట్టర్: అలా రాస్తే నాకూ మేలే. మరి తుడిచినట్టు రిజిస్టర్‌లో సంతకం కావాలి.

మిర్యాలగూడ_మిల్లు: సంతకం పెట్టిస్తాను. డ్రయ్యర్ కింద కాకుండా, ధాన్యం చల్లారాక రోల్స్ ముందు గొట్టంలో పెడితే?

పాలమూరు_ఫిజిక్స్: అక్కడ వేడి లేకపోతే మామూలు నియోడిమియం గ్రేడే చాలు. గొట్టంలో పొర మందం కొలిచి పెట్టండి.