కెర్నల్ లోపలి ఎర్రర్ కోడ్ 524 బయటికి వస్తే తప్పెవరిది?

నిడదవోలు_కోడర్: లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) తన లోపలి అవసరాలకు 512 నుంచి కొన్ని ఎర్రర్ కోడ్‌లు పెట్టుకుంది. ఇవి యూజర్ ప్రోగ్రాములకు ఎప్పుడూ కనిపించకూడదని వాటిని నిర్వచించిన హెడర్ ఫైల్లోనే రాసి ఉంది. అయినా ఒక డ్రైవర్ (పరికరాన్ని నడిపే కెర్నల్ కోడ్) మా ప్రోగ్రామ్‌కు 524 తిరిగిచ్చింది. సౌకర్యం లేదని చెప్పడానికి ప్రామాణిక కోడ్ 95 ఉంది. అది వస్తే మా ప్రోగ్రామ్ వేరే దారి పడుతుంది. 524 వచ్చేసరికి ఆగిపోయింది. లాగ్‌లో ‘తెలియని ఎర్రర్ 524’ అని తప్ప ఇంకేమీ లేదు. ఇది కెర్నల్ తప్పు కాదా?

పాతకాపు: డ్రైవర్ రాసినవారి తప్పు. 524, అంటే ఈ-నాట్‌సప్, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్ కోసం పెట్టినది. పేరు బాగుందని డ్రైవర్లలో వాడేస్తున్నారు. వద్దని కెర్నల్ కోడ్ మార్పులను తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ హెచ్చరిస్తుంది కూడా. కానీ తెలియని ఎర్రర్ వస్తే కుప్పకూలే ప్రోగ్రామ్ మాత్రం ఎందుకు రాశారు?

ఎస్‌ట్రేస్_మిత్రుడు: 524 ఒక్కటేనా? 512 కూడా బయటికి వస్తోంది. ప్రోగ్రామ్ కెర్నల్‌కు చేసే కాల్‌లను చూపే ఎస్‌ట్రేస్‌లో కళ్లారా చూశాను.

పాతకాపు: ట్రేస్ చేసేవారికి అది కనిపిస్తుంది, ప్రోగ్రామ్‌కు కాదు. సిగ్నళ్లను చూసే కెర్నల్ కోడ్ మధ్యలోనే దాన్ని 4గా (కాల్ మధ్యలో ఆగిందనే ప్రామాణిక కోడ్) మారుస్తుంది, లేదా ఆ సిస్టమ్ కాల్‌నే మళ్లీ మొదలుపెడుతుంది.

ఎస్‌ట్రేస్_మిత్రుడు: కనిపించిందా లేదా? అది చెప్పండి.

రాత్రిషిఫ్టు: అసలు తేడా అక్కడే ఉంది. 512ను సిగ్నల్ కోడ్ ఆపుతుంది. పరికరానికి ఆదేశాలిచ్చే ఐఆక్టెల్ కాల్‌లో 515 (ఆ ఆదేశం లేదనే లోపలి కోడ్) వస్తే ప్రామాణికమైన 25గా మార్చి పంపుతారు. 524కు అలాంటి కాపలా లేదు. సిస్టమ్ కాల్ ముగిసేచోట ఒక తనిఖీ పెడితే సరిపోదా?

పాతకాపు: ప్రతి కాల్‌కూ ఆ భారమా? పోనీ పెట్టారనుకుందాం. అక్కడ 517 కనిపిస్తే దేనిగా మారుస్తారు? తనకు కావలసిన ఇంకో పరికరం సిద్ధం కాలేదు, తర్వాత మళ్లీ పిలవండని డ్రైవర్ లోపల చెప్పుకునే మాట అది. ఎర్రర్ అర్థం పుట్టినచోటే తెలుస్తుంది, గుమ్మం దగ్గర తెలియదు.

నిడదవోలు_కోడర్: పాఠాలు బాగున్నాయి. ఆ రాత్రి కస్టమర్‌కు జవాబు చెప్పింది నేను. ఆ డ్రైవర్ చూసేవారికి రాస్తే, ‘ఎవరైనా 524 మీద ఆధారపడి ఉండవచ్చు, మార్చలేం’ అన్నారు. కనిపించకూడదని రాసిందీ మీరే, కనిపించాక మార్చలేమన్నదీ మీరే!

పాతకాపు: ‘మీరే’ అంటూ నన్ను అందులో కలపకండి. మరో చోట 524ను 95 చేస్తూ నేనూ ప్యాచ్ (కోడ్ మార్పు) పంపాను, తిప్పి పంపారు. బాధపడ్డాను, కానీ వారి మాట సరైనదే. కెర్నల్ లోపల చిన్న ప్రోగ్రాములు నడిపే బీపీఎఫ్ పరీక్షలనే చూడండి. యూజర్ హెడర్లలో ఆ కోడ్ లేదని, 524 అని తామే నిర్వచించుకుని పోలుస్తున్నాయి. యూజర్‌స్పేస్‌ను, అంటే యూజర్ ప్రోగ్రాములను చెడగొట్టబోమని లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ 2012 డిసెంబరు ఉత్తరంలో ఎంత గట్టిగా చెప్పారో గుర్తులేదా?

నిడదవోలు_కోడర్: గుర్తుంది. ఐఆక్టెల్ నుంచి ఈ-నోఎంట్ (అలాంటి ఫైలు లేదనే కోడ్) ఇవ్వడం చెల్లదన్నది కూడా ఆ ఉత్తరంలోనిదే. పల్స్‌ఆడియో అనే శబ్దపు ప్రోగ్రామ్ చెడిందని గొడవ మొదలైంది, తప్పు కోడ్‌ను సరిదిద్దారు. అప్పుడు త్వరగా పట్టుబడింది. ఎవరూ పట్టుకోని తప్పు కొన్నేళ్లకు హక్కు అయిపోతుందా? 524కు అలవాటుపడిన ప్రోగ్రామ్ చెడకూడదు. మ్యాన్ పేజీ (అధికారిక వివరణ పత్రం) నమ్మి 95 రాసుకున్న నా ప్రోగ్రామ్ చెడినా ఫర్వాలేదు. మీరంటున్నది ఇదే కదా?

పాతకాపు: అవును, అదే అంటున్నాను. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ రేపు ఆగకూడదు. మీది ఆ డ్రైవర్‌తో ఏనాడూ నడవలేదు.

రాత్రిషిఫ్టు: ఈ మాట మొదటే చెప్పి ఉంటే గుమ్మం దగ్గర తనిఖీ గురించి ఇంత వాదన ఉండేది కాదు.

నిడదవోలు_కోడర్: అయితే కాగితం మీద ఉన్నది చదివి కోడ్ రాసేవాడే ప్రతిసారీ నష్టపోవాలి.

పాతకాపు: ఆ డ్రైవర్, ఆ కాల్ వివరాలు ఇక్కడ పెట్టండి. దాన్ని వాడే లైబ్రరీలన్నిటిలో 524 కోసం వెతుకుతాను. ఎక్కడా లేకపోతే ప్యాచ్ నేనే పంపుతాను.

నిడదవోలు_కోడర్: ఒక్కచోట ఉంటే?

పాతకాపు: పంపను.

నిడదవోలు_కోడర్: వివరాలు రేపు పెడతాను. మీ మాటతో మాత్రం ఏకీభవించడం లేదు.