పోయినేడు ఇచ్చినవాళ్ళు ఈ ఏడు ఎందుకివ్వట్లేదు? సాయం చెయ్యండి

సాయంత్రంబడి:
అందరికీ నమస్తే. మాది చిన్న సంస్థ, సాయంత్రంపూట పిల్లలకి చదువు చెప్తాం, ఒక చిన్న లైబ్రరీ కూడా ఉంది. జీతం తీసుకునేవాళ్ళు ఇద్దరే, మిగతా అందరం వాలంటీర్లమే, డొనేషన్ల పని మాత్రం నా నెత్తిన పడింది ఎందుకంటే మావాళ్ళలో ఎక్సెల్ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పోయినేడు 212 మంది డబ్బులిచ్చారు. ఈ ఏడు అప్పీలు పంపితే వాళ్ళలో మళ్ళీ ఇచ్చింది 71 మందే. కొత్తవాళ్ళు కొంతమంది వచ్చారు గానీ కమిటీవాళ్ళేమో ఇంకా కొత్తవాళ్ళని పట్టండి, రీల్స్ చెయ్యండి, అది చెయ్యండి ఇది చెయ్యండి అంటున్నారు, నాకు చూస్తే చిల్లుకుండలో నీళ్ళు పోస్తున్నట్టుంది. ఈ పని నాకు కొత్త, ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి ప్లీజ్.

పాతవాలంటీరు:
చిల్లుకుండ మాట కరెక్టేనండి, కమిటీకి కూడా ఆ మాటే చెప్పండి. కొత్తవాళ్ళని తెచ్చుకోడానికి అయ్యే ఖర్చు, తిప్పలు, పాతవాళ్ళని నిలబెట్టుకోడానికి అయ్యేదానికంటే ఎప్పుడూ ఎక్కువే. ముందు ఒకటి చెప్పండి. పోయినేడు డబ్బులొచ్చిన రోజుకీ ఈ ఏడు అప్పీలు పంపిన రోజుకీ మధ్యలో వాళ్ళకి మీ దగ్గర్నుంచి ఏమేం వెళ్ళాయి? దాచకుండా చెప్పండి, ఇక్కడెవరూ నవ్వరు.

సాయంత్రంబడి:
రసీదు వెళ్ళింది (ఆటోమేటిగ్గా). న్యూ ఇయర్‌కి గ్రీటింగు వెళ్ళింది. తర్వాత అప్పీలు. అంతే 🙈

పాతవాలంటీరు:
అంటే వాళ్ళ వైపునుంచి చూస్తే, డబ్బులు పంపారు, ఒక కాయితం వచ్చింది, ఏడాది తర్వాత మళ్ళీ చెయ్యి చాపారు. ఆ డబ్బు ఏమైందో ఒక్క ముక్క తెలీలేదు. చుట్టం అప్పు కావల్సినప్పుడే ఫోన్ చేస్తే మనకెలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది కదా. తిడుతున్నా అనుకోకండి, మేమూ మొదటి మూడేళ్ళు అచ్చం ఇలాగే చేశాం.

ఇంకోటి కూడా చూడండి, ఆ 212 మంది అసలు ఎలా వచ్చారు? ఫ్రెండు పుట్టినరోజుకి లింక్ షేర్ చేస్తే ఇచ్చినవాళ్ళు ఆ ఫ్రెండుకి ఇచ్చారు, మీకు కాదు. వాళ్ళు రాలేదని ఎక్కువ బాధపడకండి. 2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ గుర్తుందా, అందరూ నెత్తిన చన్నీళ్ళు గుమ్మరించుకున్నారే, అప్పుడు అమెరికాలో ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే ఏఎల్ఎస్ అసోసియేషన్‌కి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. దాంతో పరిశోధనకి చాలా మేలు జరిగింది, ఆ మాట ఒప్పుకోవాలి, కానీ ఆ ఊపులో ఇచ్చినవాళ్ళంతా ఏటా ఇచ్చేవాళ్ళుగా మారలేదు. హడావుడిలో వచ్చిన డబ్బు వేరు, మనల్ని తెలుసుకుని ఇచ్చిన డబ్బు వేరు. లిస్టులో రెండిటికీ వేరే కాలమ్ పెట్టండి.

లెక్కలపిచ్చి:
నాదో డౌటు. ఆ 71 అంకె నిజమేనా? ఊరికే అడగట్లేదు, ఇలాంటి లిస్టులు చాలా శుభ్రం చేశా నేను. ఒకే మనిషి ఒకసారి ఇనిషియల్‌తో, ఒకసారి పూర్తి పేరుతో, ఇంకోసారి భార్య అకౌంటు నుంచి పంపితే మీ ఎక్సెల్‌లో ముగ్గురు మనుషులౌతారు, అందులో ఇద్దరు "మానేసినవాళ్ళు" అని కనబడతారు. పేరుతో కాకుండా ఫోన్ నంబరుతో, మెయిల్‌తో కలిపి చూడండి.

రెండోది ఇంకా ముఖ్యం. నెలనెలా కార్డు నుంచి కట్టయ్యేవాళ్ళు ఉన్నారా? ఉంటే వాళ్ళ పేమెంట్లు ఫెయిలయ్యాయేమో ఆన్‌లైన్ పేమెంట్లు నడిపే గేట్‌వే రిపోర్టులో చూడండి. కార్డుకి ఎక్స్‌పైరీ ఉంటుంది, కార్డు పోతే బ్యాంకు కొత్త నంబరిస్తుంది, అంతే, మీకొచ్చే డబ్బు చప్పుడు కాకుండా ఆగిపోతుంది. ఇచ్చే ఆయనకి తెలీదు, మీకూ తెలీదు. ఆయన ఇంకా ఇస్తున్నాననే అనుకుంటూ ఉంటాడు పాపం. దాతలు పోవడంలో అన్నిటికంటే తేలిగ్గా ఆపగలిగేది ఇదే, దీని గురించి ఎవరూ మాట్లాడరు ఎందుకంటే ఇందులో సెంటిమెంటు లేదు.

రిటెన్షన్ (అంటే పాతవాళ్ళు ఎంతమంది నిలబడ్డారనే) లెక్కలో కొత్తవాళ్ళని కలపకండి. పోయినేడు ఇచ్చినవాళ్ళెంతమంది, అందులో ఈ ఏడు మళ్ళీ ఇచ్చినవాళ్ళెంతమంది, ఆ రెండే. మీది ఇప్పటికి దాదాపు 33 శాతం. మొదటిసారి ఇచ్చినవాళ్ళకి వేరుగా, రెండుమూడేళ్ళుగా ఇస్తున్నవాళ్ళకి వేరుగా వెయ్యండి. మొదటిసారివాళ్ళలో ఎక్కువమంది రెండోసారి రాకపోవడం ఎక్కడైనా ఉన్నదే, కానీ మూడేళ్ళుగా ఇస్తున్నవాళ్ళు జారిపోతుంటే మాత్రం కంగారుపడాల్సిందే. పోయినేడు ఇచ్చి ఈ ఏడు ఇవ్వనివాళ్ళని ఈ ఫీల్డులో "లైబంట్" అంటారు, ఎప్పుడో ఒక ఏడు ఇచ్చి ఈ ఏడు ఇవ్వనివాళ్ళని "సైబంట్" అంటారు. పేర్లు వింతగానే ఉంటాయి గానీ లిస్టులు పనికొస్తాయి, ముందు లైబంట్లు, తర్వాతే సైబంట్లు.

నవ్వులపువ్వు:
ఇంత లెక్కలెందుకండీ, అందరికీ ఒక ఫోన్ కొట్టి థాంక్స్ చెప్పండి, అంతే, మనుషులు కరిగిపోతారు. మా దగ్గర అలాగే చేస్తాం.

లెక్కలపిచ్చి:
మంచిమాటే గానీ, చెప్పినంత తేలిక కాదు. అన్యా సమేక్, చక్ లాంగ్‌ఫీల్డ్ అని ఇద్దరు పరిశోధకులు దీన్ని నిజంగానే పరీక్ష పెట్టి చూశారు. అమెరికాలో పబ్లిక్ టీవీ స్టేషన్లకి, ఇంకో సంస్థకి ఇచ్చిన 5 లక్షలకు పైగా దాతల్ని తీసుకుని, కొంతమందికి థాంక్స్ కాల్ చేయించి కొంతమందికి చేయించకుండా, మరుసటేడు ఎవరు మళ్ళీ ఇచ్చారో చూశారు. తేడా లేదు! ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళని ముందే అడిగితే బాగా పెరుగుతుందనే చెప్పారట.

నవ్వులపువ్వు:
అయితే థాంక్స్ చెప్పడం దండగా? ఏంటండీ ఇది

పాతవాలంటీరు:
దండగ అని కాదండి. స్క్రిప్టు చదివే కాల్ ఒకటి చేసేస్తే పనైపోతుంది అనుకోవడం దండగ. మీ దగ్గర పనిచేస్తోందంటే బహుశా మీరు కాల్ చేసి మాట్లాడుతున్నారు, వింటున్నారు, అది వేరు. థాంక్స్ చెప్పేది మర్యాద కాబట్టి చెప్పాలి, రెండ్రోజుల్లోపే చెప్పాలి, దాన్ని వచ్చే ఏడు డబ్బుకి ఎరగా వాడకూడదు. ఇంకో ముచ్చట, 2010లో ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా గినో అనే ఇద్దరు పరిశోధకుల పేపరొకటి వచ్చింది, యూనివర్సిటీకి ఫోన్ చేసి చందాలడిగే ఉద్యోగుల దగ్గరికి డైరెక్టరు వచ్చి మీ కష్టానికి థాంక్స్ అని చెప్తే తర్వాతి వారం వాళ్ళు చేసిన కాల్స్ దాదాపు సగం పెరిగాయి. అంటే కమిటీవాళ్ళు మన సాయంత్రంబడి గారికి ఒకసారి థాంక్స్ చెప్తే కూడా బాగుంటుంది, వాళ్ళకి ఈ థ్రెడ్ చూపించండి 😄

నెలనెలాఇచ్చేవాణ్ణి:
నేను అవతలివైపు మనిషిని, అంటే డబ్బులిచ్చేవాణ్ణి. చెప్పొచ్చో లేదో గానీ చెప్తా. ఒక సంస్థకి నాలుగేళ్ళు నెలనెలా ఇచ్చాను, పోయినేడు ఆపేశా. డబ్బుల్లేక కాదు. పిల్లల హాస్టల్‌కి మంచాలు కొంటున్నామన్నారు, సరే ఇచ్చా, ఆరునెల్లకి మంచాలొచ్చాయా అని మామూలుగానే మెయిల్ పెట్టా, నిలదీద్దామని కాదు, ఫోటో చూద్దామని. జవాబు రాలేదు. తర్వాత మూడు రిమైండర్లొచ్చాయి "ప్రియమైన దాతా" అంటూ. నాలుగేళ్ళ తర్వాత కూడా నా పేరు దాతే!

ఇంకో చోట ఇచ్చేది తక్కువే, కానీ వాళ్ళు ఒకసారి ఏం రాశారంటే, మీరిచ్చిన డబ్బుతో మోటారు వేయించాం, రెండు నెల్లకే కాలిపోయింది, తప్పు మాదే, వోల్టేజీ చూసుకోలేదు, ఇప్పుడు స్టెబిలైజర్ పెట్టాం అని. నాకు కోపం రాలేదు సరికదా ఇంకో ఇద్దరికి వాళ్ళ గురించి చెప్పాను. ఎందుకలా అనిపించిందో నాకూ తెలీదు.

సాయంత్రంబడి:
బాబోయ్, మా ఇన్‌బాక్సులో కూడా అలాంటి మెయిల్స్ ఉండే ఉంటాయి, ఇవాళే చూస్తా. మంచాలన్నారు కదా, మాకు వేరే ఇబ్బంది ఉంది, అందరూ పుస్తకాలకిస్తాం అంటారు, అద్దెకీ టీచర్ల జీతాలకీ ఇస్తాం అని ఎవరూ అనరు. అవి చెప్తే ఇచ్చేవాళ్ళు కూడా పారిపోతారని మా ట్రెజరర్ గారి భయం. ఏం చెయ్యాలి?

లెక్కలపిచ్చి:
ముందు ఒక్క రూలు, పుస్తకాలకని తీసుకున్నది పుస్తకాలకే. అవసరమైతే ఆ దాతని అడిగి మార్చుకోవాలి, చెప్పకుండా అద్దెకి వాడేస్తే ఆ సంస్థ పరువు అక్కడితో సరి. కాబట్టి అడిగేటప్పుడే "అవసరం ఎక్కడుంటే అక్కడికి" అనే ఆప్షన్ పెట్టి, అందులో అద్దె, జీతం, కరెంటు ఉన్నాయని రాసెయ్యండి. నిర్వహణ ఖర్చు శాతం చూసి సంస్థ మంచిదో కాదో తేల్చొద్దని 2013లో అమెరికాలో సంస్థల వివరాలు, రేటింగులు ఇచ్చే గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ మూడూ కలిసి దాతలకి బహిరంగ లేఖే రాశాయి. రేటింగులిచ్చేవాళ్ళే ఆ మాట అన్నాక మనం దాచుకోడం దేనికి? టీచరు లేకుండా పుస్తకం ఏం చేస్తుందని అడగమనండి మీ ట్రెజరర్ గారిని.

సాయంత్రంబడి:
ఇది మేం పంపిన అప్పీలు, సిగ్గుపడుతూనే పెడుతున్నా, సరిదిద్దండి:
"గౌరవనీయులైన దాతకు, మీ అమూల్యమైన సహకారమునకు హృదయపూర్వక కృతజ్ఞతలు. మా సంస్థ విద్యారంగములో విశేష కృషి సల్పుచున్నది. ఈ సంవత్సరము 140 మంది బాలబాలికలకు బోధన అందించితిమి. మీ ఆర్థిక సహాయమును కొనసాగించవలసినదిగా కోరుచున్నాము."

పాతవాలంటీరు:
సల్పుచున్నది! ఇది చదివి ఎవరైనా లేచి నిలబడతారు గానీ జేబులో చెయ్యి పెట్టరు 🙂 సరే. లైబ్రరీలో ఈమధ్య మీరు కళ్ళతో చూసింది ఒక్కటి చెప్పండి, రిపోర్టులోది కాదు.

సాయంత్రంబడి:
ఒక పాప ఉంది, మొదట్లో పేజీమీద వేలు ఆనించి పెదాలు కదుపుతూ కూడబలుక్కునేది. మొన్న చూస్తే తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తోంది, వాడు బొమ్మల పేజీకోసం లాగుతుంటే పుస్తకం పైకెత్తి పట్టుకుని మరీ.

పాతవాలంటీరు:
అదేనండి ఉత్తరం! ఇలా పంపండి, పేరుతో:
"ఫలానా గారూ, పోయినేడు మీరు పంపిన డబ్బు కలిపి లైబ్రరీకి కథల పుస్తకాలు కొన్నాం. అప్పట్లో ఒక పాప పేజీమీద వేలు ఆనించి కూడబలుక్కునేది. మొన్న ఆ పాపే తమ్ముడికి చదివి వినిపిస్తోంది, వాడు బొమ్మల కోసం లాగుతుంటే పుస్తకం అందకుండా పైకెత్తింది. మీకు చెప్పాలనిపించి రాశాను. ఇప్పుడేమీ పంపక్కర్లేదు."

ఆ చివరి వాక్యం తీసెయ్యమని కమిటీలో ఎవరో ఒకరంటారు, తియ్యకండి. అప్పీలు వేరే, దీని తర్వాత కొన్ని వారాలాగి. పాప పేరు, ఫోటో మాత్రం ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే తప్ప వద్దు, మన అవసరానికి పిల్లల్ని బీదగా చూపించడం అసలే వద్దు.

లెక్కలపిచ్చి:
నేను లెక్కల మనిషినే అయినా చెప్తున్నా, ఆ ఉత్తరంలోకి 140 తేకండి. డెబోరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే పరిశోధకులు 2007లో అచ్చేసిన ప్రయోగం ఉంది. చేతిలో ఐదు డాలర్లున్న మనుషుల్ని విరాళం అడిగారు. మాలీ దేశంలో రోకియా అనే ఒక పాప గురించి చెప్తే సగటున 2.38 డాలర్లిచ్చారు, లక్షలమంది ఆకలి లెక్కలు చెప్తే 1.14. పాప కథ, లెక్కలు రెండూ కలిపి చెప్తే ఇంకా పెరగాలి కదా? 1.43కి పడిపోయింది. అంకెలు ఏడాది రిపోర్టులో పెట్టండి, అడిగినవాళ్ళకి లింకివ్వండి.

సాయంత్రంబడి:
(రెండు వారాల తర్వాత) అప్‌డేట్ ఇద్దామని వచ్చా. డూప్లికేట్లు కలిపితే 11 మంది అసలు మానేయనేలేదు, వేరే పేరుతో ఇచ్చారు. కార్డు ఫెయిలైనవాళ్ళు 23 మంది తేలారు, తొమ్మిది నెల్ల క్రితం ఆగిపోయినవి కూడా ఉన్నాయి, ఎవరం చూళ్ళేదు. "మీ పేమెంటు ఆగింది, పొరపాటేమో అని చెప్తున్నాం, ఆపాలనుకుంటే అదీ చెప్పండి, ఏం అనుకోం" అని ఒక్కొక్కళ్ళకీ విడిగా రాస్తే 15 మంది మళ్ళీ మొదలెట్టారు, ఇద్దరు వద్దన్నారు, వాళ్ళకి థాంక్స్ చెప్పి లిస్టులోంచి తీసేశా. పాప ఉత్తరం (వాళ్ళమ్మని అడిగే పంపా) మిగతావాళ్ళకి వెళ్ళింది. జవాబులు రావడం మొదలైంది, ఒకాయన మాత్రం పంపక్కర్లేదన్నాక ఇక దేనికి రాశారు అని అడిగాడు 😅

ఇన్‌బాక్సు కూడా వెతికా. జవాబివ్వనివి ఆరున్నాయి. అందులో ఒకావిడ పోయినేడే రాశారు, నా దగ్గర పాత పిల్లల పత్రికలు రెండు పెట్టెలున్నాయి, మీకు పనికొస్తాయా అని. మళ్ళీ ఇవ్వలేదనుకున్న ఆ 141 మందిలో (212లో 71 పోగా) ఆవిడా ఉన్నారు.

నెలనెలాఇచ్చేవాణ్ణి:
ఆవిడకి రాశారా మరి?

సాయంత్రంబడి:
రాయలేదు, పొద్దున ఫోన్ చేశా. పెట్టెలు ఇంకా అలాగే ఉన్నాయట. ఆదివారం వెళ్తున్నా.