కాలనీ రోడ్డుకు స్పీడ్ బ్రేకర్లు అడగాలా, ఇంకేమైనా అడగాలా?

వీధిచివర: రెండు పెద్ద రోడ్లను కలిపే నివాస వీధి. పొడవు 600 మీటర్లు, తారు వెడల్పు 7 మీటర్లు, మధ్యలో ఒక బడి, రెండు అడ్డవీధులు. ఫుట్‌పాత్ ఒక పక్కే ఉంది, కరెంటు స్తంభాలూ దాని మీదే. మెయిన్ రోడ్డు సిగ్నల్ తప్పించుకోవాలనుకునే బళ్లన్నీ ఉదయం, సాయంత్రం ఇటే దూరుతున్నాయి. వార్డుల్లో రోడ్డు భద్రత పనులకు మున్సిపాలిటీ దరఖాస్తులు తీసుకుంటోంది. వీధిలో ఎక్కువమంది కోరేది నాలుగు స్పీడ్ బ్రేకర్లు, కూడళ్లలో స్టాప్ బోర్డులు. అవి సరిపోతాయా? దరఖాస్తులో ఏముంటే ఇంజనీర్లు పట్టించుకుంటారు? అంబులెన్సు ఆలస్యమవుతుందనీ, వాన నీళ్లు నిలుస్తాయనీ అభ్యంతరాలు వస్తున్నాయి. వాటికి ఏం చెప్పాలి?

లెక్కతేలాలి: మీకున్నది వేగం సమస్యా, అడ్డదారి ట్రాఫిక్ సమస్యా అన్నది ముందు తేల్చుకోండి. రెండూ కలిసే కనిపిస్తాయి గానీ మందులు వేరు.

వేగానికి: టేపుతో సరిగ్గా 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా సుద్దగీత గీయండి. ముందు చక్రం మొదటి గీత నుంచి రెండో గీతకు ఎన్ని సెకన్లలో వచ్చిందో చూసి, 180ని ఆ అంకెతో భాగించండి. 6 సెకన్లయితే గంటకు 30 కిలోమీటర్లు, 4.5 అయితే 40, 3.6 అయితే 50. స్టాప్‌వాచ్ పావు సెకను అటూ ఇటూ అయితే 50 దగ్గర మూడు కిలోమీటర్ల పైనే తేడా వస్తుంది, అందుకని రెండు గీతలూ కనిపించేలా ఫోనులో వీడియో తీసి ఆపి ఆపి చూడడం మేలు. మనుషులు నిలబడి కొలుస్తున్నారని తెలిస్తే అందరూ నెమ్మదిస్తారు, కాబట్టి కాస్త మరుగున ఉండండి. రద్దీ వేళ వద్దు. ముందు బండి వెనకే వస్తున్నవి లెక్కలోకి తీసుకోవద్దు, ఎందుకంటే వాటి వేగం వాటి చేతిలో లేదు. 100 బళ్ల వేగాలు చిన్నవాటి నుంచి పెద్దవాటి వరుసలో రాస్తే 85వది ఏదో అదే ఇంజనీరు అడిగే అంకె. సగటు చెప్తే లాభం లేదు, భయపెట్టేవాళ్లు అందులో దాగిపోతారు.

అడ్డదారికి: వీధి రెండు చివర్లా బండి నంబరు చివరి నాలుగంకెలు, సమయం రాయండి. 30 వేగంతో 600 మీటర్లు దాటడానికి 72 సెకన్లు చాలు. రెండు మూడు నిమిషాల్లో అదే నంబరు రెండో చివర కనిపిస్తే ఆ బండికి మీ వీధిలో పనిలేదన్నమాట.

వేగం 30కే ఎందుకు తగ్గించాలని అడిగితే ఈ లెక్క చూపండి. డ్రైవరు స్పందించడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద 30 వేగంలో బండి దాదాపు 13 మీటర్లలో ఆగుతుంది. 50 వేగంలో ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు పోతుంది. అంటే మొదటి బండి ఆగిపోయిన చోట రెండోది ఇంకా బ్రేకే వేయలేదు. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరం నివాస వీధుల్లో 30 పరిమితి 1992లోనే పెట్టింది, ఇది కొత్త కోరికేం కాదు.

తారుమట్టం: స్పీడ్ బ్రేకర్ అన్న మాట ఒక్కటే రాసి వదిలేస్తే కాంట్రాక్టరు అడుగున్నర వెడల్పు గట్టు పోసి వెళ్తాడు. అది నెమ్మదిగా వచ్చేవాడి నడుం విరుస్తుంది, జోరుగా వచ్చేవాడి కుదుపును సస్పెన్షన్ మింగేస్తుంది. కావలసిన దానికి సరిగ్గా తలకిందులు. బ్రిటన్‌లో 1970ల్లో వాట్స్ అనే పరిశోధకుడు పరీక్షించి తేల్చిన హంపు (వెడల్పాటి, గుండ్రటి గట్టు) బండి నడిచే దిశలో 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. ఇప్పుడు చాలాచోట్ల ఎత్తు 7.5 నుంచి 10 మధ్య ఉంచుతారు. వేగం పెరిగేకొద్దీ కుదుపు పెరుగుతుంది, అసలు సంగతి అదే.

బడి ముందు మాత్రం హంపు వద్దు, టేబుల్ టాప్ అడగండి. మధ్యలో 3 మీటర్ల చదును, అటూ ఇటూ 1.8 మీటర్ల వాలు. దాని మీదే జీబ్రా గీతలు. పిల్లలు రోడ్డులోకి దిగరు, బండే వాళ్ల మట్టానికి ఎక్కుతుంది. ఫుట్‌పాత్, రోడ్డు ఒకే మట్టమైతే చూపులేనివారికి అంచు తెలియదు కాబట్టి అక్కడ బుడిపెల టైల్స్ తప్పనిసరి.

నాలుగు చాలవు. మధ్య దూరం 80 నుంచి 100 మీటర్లుండాలి, 150 దాటితే మధ్యలో మళ్లీ జోరందుకుంటారు. మలుపులో, నిటారు వాలులో, ఇంటి గేటు ఎదురుగా పెట్టొద్దు. వీధిదీపం కింద పడేలా చూడండి, గీతలకు గాజుపూసలు కలిపిన థర్మోప్లాస్టిక్ రంగు రాయించండి. మామూలు పెయింటు త్వరగా చెరిగిపోతుంది, గీత కనబడని హంపు రాత్రిపూట ప్రమాదమే.

పని జరిగే రోజు దగ్గరుండండి. కంటి అంచనాతో కాక చెక్క అచ్చు పెట్టి ఆకారం చూడాలి, అదీ తారు వేడి మీదుండగానే. గట్టిపడ్డాక ఎవరూ సరిచేయరు. ఇంకొకటి: రోడ్డు మీద 4–5 సెంటీమీటర్ల కొత్త పొర వేస్తే 8 సెంటీమీటర్ల హంపులో సగమో, ఆ పైనో మునిగిపోతుంది. పాత పొర గీకాకే కొత్తది వేయాలని ఇప్పుడే రాయించుకోండి.

రబ్బరు పలకలు బిగించేవి తాత్కాలికంగా పరీక్షించడానికే బాగు. తారు మెత్తన, బోల్టు పట్టు సడలుతుంది, పలక ఊడాక పైకి పొడుచుకున్న బోల్టు టైర్లు చీలుస్తుంది.

వీధిచివర: నీళ్లు, అంబులెన్సు సంగతి కూడా చెప్పండి సార్.

తారుమట్టం: నీళ్లు పారే దిశలో డ్రెయిన్ జాలీ దాటిన వెంటనే హంపు పెట్టించండి, ముందు పెడితే జాలీకి నీరందదు. జాలీ లేనిచోట కర్బ్ (ఫుట్‌పాత్ అంచు రాయి) పక్కన 20–30 సెంటీమీటర్లు వదులుతారు. ఆ సందులోంచి టూవీలర్లు దూరతాయి, కాబట్టి ఫుట్‌పాత్ అంచున ఒక స్తంభం పాతాలి.

ఫైరింజను ఒక్కో హంపు దగ్గర 10 సెకన్ల దాకా ఆలస్యం కావచ్చు. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయకండి, న్యాయమైనదే. దానికి కుషన్లున్నాయి: 1.6–1.7 మీటర్ల వెడల్పు దిమ్మెలు పక్కపక్కన. పెద్ద బండి చక్రాలు రెండు పక్కలా దిగిపోతాయి, కారు చక్రం ఎక్కక తప్పదు. కానీ టూవీలర్లు సందుల్లోంచి పోతాయి. మీ 100 లెక్కలో వేగంగా పోయేవి అవే అయితే కుషన్లు దండగ.

మలుపుచూపు: స్టాప్ బోర్డుల ఆశ వదులుకోండి. అవి కూడలిలో ఎవరికి దారి ముందు అన్నది చెప్పడానికి, వేగానికి కాదు. ఆగినవాడు పోయిన సమయం రాబట్టుకోవాలని మధ్యలో ఇంకా జోరు పెంచుతాడు. అడ్డుపోయే బండి కనిపించనిచోట ఆగనే ఆగడు. వేగపరిమితి బోర్డు ఒక్కటే పెట్టినా సగటు తగ్గేది ఒకటి రెండు కిలోమీటర్లే.

కూడళ్లలో మూలలు బిగించమనండి. మూల గుండ్రం 9 మీటర్ల వ్యాసార్థంతో ఉంటే కారు బ్రేకు తాకకుండా తిరుగుతుంది, 3–4 మీటర్లకు తగ్గిస్తే నెమ్మదించక తప్పదు, నడిచేవాళ్లు దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. అయితే చెత్త లారీ తిరగగలదో లేదో ముందే ట్రాఫిక్ కోన్లు పెట్టి నడిపించి చూడాలి, లేకపోతే వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కి కర్బ్ పగులుతుంది. దాటే చోటికి ముందు 6 మీటర్లలో పార్కింగ్ లేకుండా చేయండి. ఆగిన కారు వెనక నుంచి వచ్చే పిల్లవాడు డ్రైవరుకు కనిపించడు. బోర్డు పెడితే వినరు, స్తంభాలో సైకిల్ స్టాండో పెడితే ఆ జాగా ఖాళీగా ఉంటుంది.

ఫుట్‌పాత్‌కు స్తంభం పోను 1.8 మీటర్ల ఖాళీ దారి అడగండి. ఏడు మీటర్ల రోడ్డును ఆరుకు తగ్గిస్తే ఆ జాగా వస్తుంది, రోడ్డు ఇరుకైతే వేగమూ తగ్గుతుంది.

లెక్కతేలాలి: నంబర్ల లెక్కలో సగం పైన దాటిపోయేవే అని తేలితే హంపులతో ఆ బళ్లు ఆగవు, ఇంకా అసహనంగా పోతాయి. అప్పుడు వీధి మధ్యలో అడ్డు పెట్టమని అడగాలి. 1.5 మీటర్ల ఎడంతో స్తంభాలు పాతితే నడిచేవాళ్లు, సైకిళ్లు, చక్రాల కుర్చీలు పోతాయి, కార్లు పోవు. మధ్యది తాళం తీసి పడుకోబెట్టే రకం, తాళంచెవి ఫైర్ స్టేషనుకూ అంబులెన్సు వాళ్లకూ ముందే అందాలి. మోటారు సైకిళ్లను మాత్రం ఇది ఆపలేదు, అది దాచకుండా చెప్పండి. ప్రతి ఇంటికీ ఏదో ఒక చివర నుంచి దారి ఉంటుందని మ్యాపు మీద గీసి చూపిస్తే సగం గొడవ సద్దుమణుగుతుంది.

మొదట ఆరు నెలలు పూలతొట్లతో పెట్టించండి. అడ్డు పెట్టకముందే పక్క వీధుల్లోనూ బళ్లు లెక్కించి ఉంచుకోండి, లేకపోతే మా వీధిలోకి తోశారని వాళ్లంటే చూపడానికి మీ దగ్గర అంకె ఉండదు. మళ్లీ లెక్కించేది మొదటి వారంలో కాదు, జనం కొత్త దారులకు అలవాటుపడ్డ రెండు మూడు నెలలకు, అదే వారం, అదే గంటల్లో, బడి నడిచే రోజుల్లోనే.