ఆత్మహత్య ఆలోచనలున్న పిల్లల్ని ఎమర్జెన్సీ నుంచి ఇంటికి పంపాక ఎవరు చూసుకుంటున్నారు?

అట్లాంటాలో ఎమర్జెన్సీ విభాగంలో నర్సుగా చేస్తున్నాను. అమెరికాలో ఇదే పనిలో ఉన్న తెలుగు నర్సులు, డాక్టర్లు, సోషల్ వర్కర్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చెప్పండి.

పన్నెండేళ్లు దాటిన పిల్లలు ఏ జబ్బుతో వచ్చినా మేం ఆత్మహత్య ఆలోచనల గురించి ఏఎస్‌క్యూ అనే చిన్న ప్రశ్నావళిలోని ప్రశ్నలు అడుగుతాం. నాలుగే ప్రశ్నలు, అర నిమిషం పట్టదు. చిక్కంతా అడిగే తీరులోనే ఉంది. మొన్న కడుపునొప్పని వచ్చిన ఓ నల్లజాతి కుర్రాడు, హుడీ కళ్ల మీదకి లాక్కుని, తల్లి వైపు ఓరగా చూస్తూ అన్నిటికీ "నో" అన్నాడు. ఆవిణ్ణి బయట కూర్చోమని, నేను కుర్చీ లాక్కుని మళ్లీ అడిగితే రెండో ప్రశ్నకే ఏడ్చేశాడు. ఇలాంటి పిల్లల్ని పొగరు అనుకుని పంపేసేవాళ్లు మా దగ్గరా ఉన్నారు. అదే నా బాధ. 2019లో అమెరికా కాంగ్రెస్‌లోని నల్లజాతి సభ్యుల బృందం, బ్లాక్ కాకస్, నల్లజాతి పిల్లల ఆత్మహత్యల గురించే నివేదిక ఇచ్చింది, ఎంతమంది చదివారో మరి.

పంపేముందు పిల్లవాడితో కూర్చుని, మళ్లీ ఆ ఆలోచనలొస్తే ఏం చేయాలో, ఎవరిని పిలవాలో సేఫ్టీ ప్లాన్ రాస్తాం. ఇంట్లో తుపాకీ, మందులు ఉంటే తాళం వేయమంటాం. ఆత్మహత్య ఆలోచనలొస్తే ఫోన్ చేసే హెల్ప్‌లైన్ 988 నంబరు ఇస్తాం. ఆ తర్వాత? కౌన్సెలర్ అపాయింట్‌మెంట్‌కి వారాలు పడుతోంది. ఈలోగా ఫోన్ చేసి పలకరించే పద్ధతి మీ దగ్గర ఉందా? ఎవరు చేస్తారు, నర్సా, సోషల్ వర్కరా?

ఇంకోటి. 988కి ఫోన్ చేస్తే ఇంటికి పోలీసులొస్తారేమోనని ఆ తల్లి భయపడింది. ఆవిడకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. మీరైతే ఏం చెప్పేవారు? ఇలాంటి కుటుంబాలు వెళ్లే చర్చి పెద్దల్ని కలుపుకుని పని చేసినవాళ్లుంటే అదీ రాయండి.